మూడో నంబరు పిడి

ఆంథోనికి మనుషుల మొహాలు గుర్తుండవు, చేతులు గుర్తుంటాయి. బజార్లో ఎవరైనా ఎదురొచ్చి నమస్తే పెడితే, పెట్టిన చేతులు చూసి గానీ ఆ మనిషెవరో పోల్చుకోడు. పోల్చుకున్నాక చాలాసార్లు మొహం చిట్లిస్తాడు. ఆ చేతుల్లో తుపాకి ఎట్లా వణికిందో ఆయన కళ్లారా చూసి ఉంటాడు మరి.

బూర్గంపాడు దాటి అడవి దగ్గరపడే చోట ఉన్న పోలీసు క్యాంపులో ఆయన హెడ్ కానిస్టేబులు. జనం పాత అలవాటు కొద్దీ జమేదార్ సాబ్ అంటారు. ఆయుధాల గది తాళాలు ఆయన మొలకే వేలాడుతుంటాయి. చెడిపోయిన తుపాకి బాగుచేయడం, తుప్పు వదిలించడం, నూనె పెట్టడం ఆయన పని. ఇనుముతో ఆయనకెప్పుడూ పేచీ రాలేదు. ఇనుము అబద్ధమాడదు. పేచీ అంతా మనుషులతోనే.

2003లో ఆ పేచీ మరీ ఎక్కువైంది. అన్నల దగ్గర్నుంచి బెదిరింపు చీటీలు వచ్చినవాళ్లూ, రాకపోయినా వచ్చాయని చెప్పుకునేవాళ్లూ పోటీపడి పిస్తోలు లైసెన్సులు తెచ్చుకుంటున్నారు. కొత్తగా లైసెన్సు వచ్చిన ప్రతివాడూ క్యాంపు వెనక గుట్ట కింద ఉన్న రేంజ్‌లో అయిదు రోజులు కాల్చడం నేర్చుకోవాలనీ, వచ్చిందని ఆంథోని సంతకం పెడితేనే తుపాకి ఇంటికి తీసుకుపోవాలనీ క్యాంపు ఆఫీసరు నియమం పెట్టాడు. ఆఫీసరు నియమం పెట్టి హాయిగా ఉన్నాడు. పీడ ఆంథోని మెడకు చుట్టుకుంది.

ఎలాంటివాళ్లొచ్చేవాళ్లని! ఒక సర్పంచి, ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది కావాలని పట్టుబట్టాడు. అది ఆయన చేతికి దున్నపోతు మెడలా అయి పట్టు చిక్కలేదు. ఒక సారా కాంట్రాక్టరు ట్రిగ్గర్ నొక్కే ముందు రెండు కళ్లూ గట్టిగా మూసుకుని దేవుణ్ని తలుచుకునేవాడు. "దేవుడు గురి చూడడయ్యా, నువ్వే చూడాలె" అని ఎన్నిసార్లు చెప్పినా కళ్లు తెరవలేదు. రైస్ మిల్లు ఆసామి ఒకాయన సినిమా ఫక్కీలో తుపాకిని అడ్డంగా పట్టుకుని కాల్చాడు. ఎగిరొచ్చిన వేడి తూటా డొల్ల చొక్కా కాలర్లో దూరితే, అంత లావు మనిషీ కోతిలా గెంతాడు. ఆ పూట ఆంథోని నవ్వలేదు. నవ్వడానికైనా అవతలివాడు కాస్త మనిషిలా కనిపించాలని ఆయన ఉద్దేశం.

ఆయనకో పద్ధతి ఉండేది. రేంజ్ గేటు బయట అందరూ 'మీరు'. గేటు దాటి లోపలికొస్తే ఎంతటివాడైనా 'నువ్వు'. లోపలికి రాగానే మొదటి మాట ఒకటే: "చెయ్యి చూపియ్."

చెయ్యి చూశాక చెక్కపెట్టె తెరిచేవాడు. అందులో చెయ్యి కొలత చూసేందుకు, బొమ్మ తుపాకుల్లా చెక్కిన ఏడు టేకు పిడులుండేవి. దొంగరవాణాలో పట్టుబడిన టేకు దుంగలు క్యాంపు వెనక ఎండకు ఎండి వానకు తడిసి పడి ఉంటే, వాటిలో ముక్కలు కోసి, ఆకురాయితో అరగదీసి ఆయనే చేసినవి. ఒకటో నంబరుది అన్నిటికంటే సన్నం, ఏడోది ఎలుగుబంటికి సరిపోతుంది. పిడి పట్టుకుంటే చూపుడు వేలి మొదటి కణుపు సరిగ్గా ట్రిగ్గర్ మీదికి రావాలి, ముంజేతి ఎముకా తుపాకి గొట్టమూ ఒకే గీతలో ఉండాలి. ఏ నంబరు కుదిరితే ఆ కొలతలో ఉన్న తుపాకి కొనుక్కోమనేవాడు. ఎవరూ వినేవాళ్లు కాదు. చెప్పులు కొనేటప్పుడు కాలు పెట్టి చూస్తారు, తుపాకి కొనేటప్పుడు మాత్రం అద్దంలో చూసుకుంటారు అని ఆయన విసుక్కునేవాడు.

ఈ తిట్లన్నీ సాయంత్రం ఇంట్లో సంపూర్ణ వినాల్సి వచ్చేది. ఆమె మిషన్ దవాఖానాలో ఆయా. పొద్దంతా రోగుల మూలుగులు విని వచ్చి, మళ్లీ ఈయన సణుగుడు వింటూ బియ్యంలో రాళ్లేరేది.

"లోకంల అందరూ ఎడ్డోళ్లే, నువ్వొక్కనివే తెలివిగల్లోనివి. గురివింద గింజ తన నలుపు ఎరగదంట" అనేది.

"నా నలుపు నాకెర్కనే" అని ఆయన గుమ్మం బయటికి వెళ్లి కూర్చునేవాడు. అంతకుమించి ఏమీ చెప్పేవాడు కాదు. 

దసరా వెళ్లిన మంగళవారం నాడు ఒక జీపు వచ్చి రేంజ్ ముందు ఆగింది. అందులోంచి మల్లెపువ్వులాంటి తెల్లచొక్కాతో మంగీలాల్ దిగాడు. నడుముకు కొత్త తోలు ఒర, అందులో నియమం లెక్కచేయకుండా సంతకానికి ముందే తెచ్చుకున్న పెద్ద పిస్తోలు. అడవి అంచు మండలంలో అతన్ని ఎరగనివాళ్లు లేరు. అతని భార్య ద్వాలి మండల పరిషత్ అధ్యక్షురాలు. ఆ సీటు ఆడవాళ్లకు రిజర్వు అయింది కాబట్టి తండాలో ఏడో తరగతి దాకా చదివిన ఆమెను నిలబెట్టి గెలిపించాడు. గెలిచాక ఆమె కుర్చీలో ఆమె కూర్చుంటుంది, మాట్లాడేది మాత్రం ఇతను. అలాంటి మొగుళ్లు ఆ చుట్టుపక్కల మండలానికొకరు ఉన్నారు. వాళ్లందరినీ కలిపి ఆంథోని ఒకే మాట అనేవాడు, అది ఇక్కడ రాయదగ్గది కాదు.

గేటు దాటగానే, "చెయ్యి చూపియ్" అన్నాడు ఆంథోని.

మంగీలాల్ చెయ్యి చూపించకుండా పిస్తోలు తీసి చూపించాడు. "చెయ్యెందుకు జమేదార్ సాబ్, మాల్ ఆల్రెడీ తెచ్చిన. చూడు, ఎట్లున్నది!"

పిస్తోలు మీద మూడు చోట్ల కుంకుమ బొట్లు, పిడి చుట్టూ పసుపు దారం ఉన్నాయి. ఆంథోని దాన్ని తీసుకుని, మొదట తూటాల పెట్టె బయటికి లాగి పక్కన పెట్టాడు. తర్వాత పై భాగాన్ని వెనక్కి లాగబోతే రాలేదు. బలం పెట్టి లాగితే కిర్రుమంటూ వచ్చి సగంలో ఆగిపోయింది.

"దీనికేం జేసినవ్?"

"ఆయుధ పూజ. అయ్యగారిని పిలిపించి శాస్త్రంగా చేపిచ్చిన. పసుపు నీళ్లతోని కడిగి, కొబ్బరికాయ కొట్టి..."

"కొబ్బరినీళ్లు దీని మీద పోసిండ్రా?"

"పూజ అన్నంక పొయ్యరా మరి?"

ఆంథోని సన్నటి కడ్డీకి గుడ్డ చుట్టి గొట్టంలోకి దూర్చి లాగాడు. గుడ్డ ఎర్రగా, జిగటగా వచ్చింది. రెండో గుడ్డకు పసుపు వచ్చింది, మూడోదానికి తుప్పు. బయటికి మాత్రం పిస్తోలు పెళ్లికొడుకులా మెరుస్తోంది. పైన పటారం లోన లొటారం అంటే ఇదే.

"గిది పేలితే తూట కన్నా ముందు పసుపుకుంకుమలు బయటికొస్తయ్. అవతలోడు బెదిరిపోవుడు కాదు, అక్షింతలనుకుని తలొంచుతడు" అన్నాడు.

మంగీలాల్ నవ్వేశాడు. తనను అంటున్నారని అతనికెప్పుడూ తోచదు, అదొక అదృష్టం. "సాఫ్ చేసియ్యు జమేదార్ సాబ్. సంతకం కూడ జల్దీ అయిపోతే పోత."

ఆంథోని లైసెన్సు పుస్తకం తెరిచాడు. లోపల అతికించిన ఫోటో మంగీలాల్‌ది కాదు.

"ద్వాలి ఎవరు?"

"మా ఇంటిది. ఎంపీపీ మేడం. చీటీ ఆమె పేరు మీదనే వచ్చింది కాబట్టి లైసెన్సు కూడ ఆమెకే ఇచ్చిండ్రు. కానీ ఉంచుకునేది నేనే గద! ఆడమనిషి నడుముకు పిస్తోల్ పెట్టుకుని తిరుగుతదా?"

"చీటీల ఏమున్నది?"

మంగీలాల్ మొహం కొంచెం మారింది. "ఏమున్నది, బడి బిల్డింగ్ కట్టకుండనే కట్టినమని కాయితం పెట్టిండ్రంట. ద్వాలిని ప్రజల ముందు నిలబెడ్తరంట, శిచ్చ వేస్తరంట. గవన్నీ ఉత్తమాటలే గానీ, మన జాగ్రత్తల మనముండాలె గద."

జీపులో వెనక సీట్లో ఒక మనిషి కూర్చుని ఉన్నట్టు ఆంథోని అప్పుడు గమనించాడు. ముప్పై నాలుగేళ్లుంటాయి. మొహం ఇటు తిప్పకుండా గుట్టను చూస్తోంది. చంపుతామన్నది ఆమెను. తుపాకి వచ్చింది ఆమె పేరున. అది వేలాడుతున్నది మాత్రం, ఏ చీటీ రాని మనిషి నడుముకు. అన్నలు వస్తే మొగుడు తోటల వెంబడి పరిగెత్తుతాడు, పిస్తోలు కూడా అతనితోపాటే పరిగెత్తుతుంది. ఇందులో అర్థం కానిదేమీ లేదు.

"ఫోటోల ఉన్న మనిషే కాల్చాలె. ఆమె రాకుంటే సంతకం లేదు" అన్నాడు ఆంథోని.

మంగీలాల్ చాలాసేపు వాదించాడు, చివరికి జీపు వైపు చెయ్యి ఊపాడు. "దిగు. జరసేపు పట్టుకుని కాల్చినట్టు చెయ్యి, అయిపోతది."

ద్వాలి దిగి వచ్చింది. భుజానికి అద్దాలు కుట్టిన పాత తండా సంచి ఉంది. ఆంథోని ఆమెను కూడా మంచి చూపేం చూడలేదు. కట్టని బడికి సంతకం పెట్టిన చెయ్యి అది. ఊళ్లో పిల్లలు చింతచెట్టు కింద కూర్చుని అక్షరాలు దిద్దుతుంటే, ఈ మహాతల్లి కాగితం మీద నాలుగు గదుల బడి లేపింది. ఇలాంటిదానికి అయిదు రోజులు దండగ అనుకున్నాడు. పిస్తోలు శుభ్రం చేసి, ఖాళీది, ఆమె చేతికిచ్చాడు.

"పైది వెనక్కి గుంజు."

లాగింది. కదల్లేదు. రెండు చేతులూ పెట్టి, పళ్లు బిగించి లాగింది. సగం వచ్చి జారిపోయి, బొటనవేలు తోలు చీరుకుపోయింది. ఆమె రక్తం కొంగుకు తుడుచుకుని మళ్లీ లాగింది. పక్కనుంచి మంగీలాల్ పళ్లికిలించాడు.

"నేను చెప్పలే? ఆడోళ్ల చేతుల్ల ఏమయితది!"

"నోరుముయ్" అన్నాడు ఆంథోని. ఆమె మీద జాలితో కాదు. తనకు చీదర పుట్టించే ఇద్దరిలో ఎవరు ఎక్కువ చీదరో ఆయన అప్పటికి తేల్చుకున్నాడు. "మేడమ్మా, చెయ్యి చూపియ్."

ద్వాలి అరచెయ్యి చాపింది. ఇరుకు అరచెయ్యి, పొట్టి వేళ్లు. బొటనవేలి మొదట్లోనూ చూపుడు వేలి పక్కనా కాయలు కాచి గట్టిపడ్డాయి. పదవి రాకముందు పదేళ్లు మిరప తోటలో కాయ తెంపిన చెయ్యి, ఎండాకాలం తునికాకు కట్టలు కట్టిన చెయ్యి. పొట్టిదే గానీ మెత్తది కాదు. ఆ పిస్తోలుకు చాలనంత బలహీనురాలు కాదు ఆమె, ఆ పిస్తోలే ఆమె కొలతది కాదు. ఆంథోని చెక్కపెట్టె తెరిచి ఒకటో నంబరు ఇచ్చాడు, పిడికిలి మూసుకుపోయింది. రెండు ఇచ్చాడు. మూడోది పట్టుకోగానే వేలి కణుపు వచ్చి సరిగ్గా కూర్చుంది.

"గిది మంచిగున్నది" అంది ద్వాలి. రేంజ్‌లోకి వచ్చాక ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

మూడో నంబరు కొలతకు సరిపోయేది క్యాంపులో ఒకటే ఉంది. చనిపోయిన ఒక ఫారెస్టు రేంజరు రివాల్వరు. ఎవరైనా కొంటే ఇచ్చేయమని ఆ రేంజరు భార్య అక్కడ అప్పగించి రెండేళ్లయింది. వచ్చినవాడల్లా దాన్ని చూసి పెదవి విరిచాడు. రంగు వెలిసి, పిడి మీద గీతలు పడి, సంతలో అమ్ముడుపోని ముసలెద్దులా మూలన పడి ఉంది. లోపల మాత్రం చుక్క తుప్పు లేదు, ఆంథోని నెలనెలా దానికి నూనె పెట్టేవాడు.

మంగీలాల్ దాన్ని చూసి అదిరిపడ్డాడు. "గీ ముసల్దా? నలుగురిల నా ఇజ్జత్ ఏం గావాలె?"

"చీటీ నీ ఇజ్జత్‌కొచ్చిందా, ఆమె పాణానికొచ్చిందా?"

మంగీలాల్ పిస్తోలు తీసి ఒరలో దోపుకుని, ఫోన్ మోగినట్టు నటిస్తూ బయటికి నడిచాడు. ఆ గుట్ట కింద ఏ ఫోనూ మోగదని అందరికీ తెలుసు.

నేర్చుకోవడం రెండో రోజు నుంచి మొదలైంది. తుపాకి ఎప్పుడూ నిండుగా ఉన్నదనే అనుకోవాలి. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. గొట్టం మనిషి వైపు తిరగకూడదు, తిరిగితే ఆ పూటకు పాఠం బంద్. ఇవి ద్వాలికి ఒక్కసారి చెబితే చాలింది. కానీ కాల్చడం మొదలుపెట్టాక ఆరు తూటాలూ మట్టిలో దిగబడ్డాయి. ఎక్కడ దిగబడ్డాయో కూడా తెలియలేదు. పేలుతుందనే భయంతో నొక్కేముందే చెయ్యి కిందికి కుంగుతోంది.

అలాంటివాళ్లకు ఆంథోని చేయించే సాధన ఒకటుంది. ఖాళీ తుపాకి గొట్టం మీద రూపాయి బిళ్ల నిలబెట్టి ట్రిగ్గర్ నొక్కాలి. బిళ్ల పడకూడదు. ద్వాలి చేతిలో బిళ్ల పడుతూనే ఉంది. నలభై సార్లు పడ్డాక ఆమె ఆగి ఆలోచించింది.

"పడ్డంకనే తెలుస్తుంది సారూ. పడకముందు ఎక్కడ వణుకుతున్ననో తెలుస్తలేదు."

అని, సంచికున్న అద్దాల్లోంచి ఊడిపోవడానికి సిద్ధంగా ఉన్న ఒక ముక్కను గోటితో పీకింది. గోరంత అద్దం. దాన్ని గొట్టం మీద పెట్టి, రేకుల షెడ్డు సందులోంచి ఎండ పడే చోటికి జరిగి నిలబడింది. ఎదురు గోడ మీద వెలుగు చుక్క ఒకటి పడింది. ఆమె వేలు బిగిస్తుంటే చుక్క కుడివైపు వణికింది. ఊపిరి ఆపి మళ్లీ బిగించింది, ఈసారి కిందికి దూకింది. చెయ్యి చేసే తప్పు ప్రతీదీ గోడ మీద కనిపిస్తోంది.

ఆంథోని చూస్తూ ఉండిపోయాడు. ముప్పై ఏళ్లలో తనకు తట్టనిది మిరపకాయలు తెంపుకునే మనిషికి తట్టింది. ఆయనకు ముచ్చట వేసింది, కాస్త కడుపుమంట కూడా వేసింది. పైకి మాత్రం "ఊఁ" అన్నాడు. ఆయన నోట అంతకు మించిన మెప్పు ఇంతవరకూ ఎవరూ వినలేదు.

మూడో రోజు సాయంత్రానికి చుక్క గోడకు అతికించినట్టు నిలబడింది. ఆ రెండు రోజులూ మంగీలాల్ రేంజ్‌లో నిలబడలేదు. క్యాంపు ఆఫీసులో క్లర్కు భాస్కర్ దగ్గర కూర్చుని మిర్చి బజ్జీలు తెప్పించడం, చాయ్ తాగించడం, భుజం మీద చెయ్యేసి నవ్వించడం చేస్తున్నాడు. కిటికీలోంచి వాళ్లను చూసినప్పుడల్లా ఆంథోని కాండ్రించి ఉమ్మేవాడు. ఒకడు తినిపించే రకం, ఒకడు తినే రకం, ఇద్దరికీ బాగా కుదిరిందనుకునేవాడు.

నాలుగో రోజు, తుపాకి చల్లబడేదాకా బల్ల మీద కూర్చున్నప్పుడు, ఆయన ఉండబట్టలేక అడిగేశాడు.

"చదువొచ్చిన మనిషివి. కట్టని బడికి సంతకమెట్ల పెట్టినవమ్మా? సిగ్గనిపియ్యలే?"

ద్వాలి తల దించుకోలేదు. "చదివి పెట్టలే సారూ. మా ఆయన కాయితం మడిచి, కింద ఖాళీ జాగ మీద వేలు పెట్టి, గీడ పెట్టు అంటడు. పైన ఏమున్నదో మడతల ఉంటది. రెండేండ్లు గట్లనే పెట్టిన. చీటీ వచ్చినంకనే ఎర్కయింది, దేనికి పెట్టిన్నో."

"మడత ఇప్పి చూడొద్దా?"

"చూడాలె. తప్పు నాదే. ఎవరి మీద పెట్టేది లేదు. గందుకే నా పాణం మీదికొచ్చింది. పిల్లలు చెట్టు కిందనే కూసుంటున్నరు, నేను రోజూ గదే తొవ్వల పోత." ఆమె గొట్టం చల్లబడిందేమోనని ముట్టి చూసింది. "చచ్చిపోతనని భయముంది సారూ. కానీ బడి కట్టియ్యకముందే చచ్చిపోతనని ఇంక భయముంది."

సాకు చెబుతుందని ఆంథోని కాచుకుని ఉన్నాడు. ఆమె చెప్పలేదు. అప్పుడు ఆయన నోరు, సంపూర్ణ ముందు కూడా తెరుచుకోని నోరు, తెరుచుకుంది.

"నేను కూడ పెట్టిన గసొంటి సంతకం. ఆరేండ్ల కింద, గీ అయిదు రోజుల నియమం రాకముందు. ఒక కాంట్రాక్టర్‌కు తుపాకి పట్టుడు రాదు, వేలెప్పుడూ ట్రిగ్గర్ మీదనే. పై ఆఫీసరు, పెట్టవయ్యా ఏమయితది అన్నడు. పెట్టిన. నెల తిరగలే. కార్ల కూసుండి తుపాకి తీసి దోస్తుకు చూపిస్తుంటే పేలింది. ముంగట సీట్ల డ్రైవర్ జంపయ్య. ఈపుల దిగింది. దవాఖానాకు తీస్కపోయేసరికే అయిపోయిండు." ఆయన చేతులు నూనెగుడ్డను నలుపుతున్నాయి. "జంపయ్య నాకు తెలిసినోడే. పండుగకు మా ఇంట్ల అన్నం తిన్నోడు. వానికి తూట తగిలింది గా కాంట్రాక్టర్ చేతిలకెల్లి కాదు. నా కలంలకెల్లి."

 ద్వాలి లేచి రివాల్వరు చక్రం తెరిచి చూసుకుని, ఆరు తూటాలు నింపుకుని గీత మీద నిలబడింది. ఆ పూట నాలుగు తగిలాయి.

అయిదో రోజు పొద్దున, పది గజాల దూరంలో అట్ట మీద గీసిన మనిషి ఛాతీలో అరచెయ్యి పట్టేంత చోటులో అయిదు తూటాలు దిగాయి. ఆరోది భుజానికి తగిలింది. ఆరో తూటా ఎందుకు తప్పిందో ఆంథోని అడగకముందే ఆమె చెప్పింది: "సంబరపడ్డ సారూ. గందుకే వణికింది."

ఆంథోని నవ్వాడు. ఆ రేంజ్‌లో ఆయన నవ్వగా చూసినవాళ్లు అంతకుముందు లేరు. ఆమె చేతిలోంచి రివాల్వరు తీసుకుని, బల్ల మీద విడదీసి, మసి తుడవడం మొదలుపెట్టాడు. గొట్టం ఎట్లా తుడవాలో, నూనె ఎంత పెట్టాలో, ఎక్కువైతే దుమ్ము ఎట్లా పడుతుందో చెబుతున్నాడు. దసరాకు పూజ చేసుకో గానీ బొట్టు ఒర మీద పెట్టు, తుపాకి మీద వద్దు అని చెబుతున్నాడు. అంత ఇష్టంగా ఆయన ఎవరికీ ఏదీ చెప్పలేదు. మధ్యలో భాస్కర్ రాత అట్ట మీద కాగితం పెట్టుకొచ్చి నిలబడ్డాడు.

"జమేదార్ సాబ్, మేడం సర్టిఫికెట్. గీడ."

ఆంథోని చేతి నూనె లాగుకు తుడుచుకుని, భాస్కర్ వేలు చూపిన చోట సంతకం పెట్టి, మళ్లీ గొట్టం వైపు తిరిగాడు. "మరీ గట్టిగ రుద్దొద్దు బిడ్డా, లోపల గీతలు పడతయ్."

భాస్కర్ అట్టను ద్వాలికి అందించాడు. అప్పటికే మంగీలాల్ గేటు దగ్గర జీపు స్టార్ట్ చేసి ఉన్నాడు. "జల్దీ పెట్టు, మీటింగున్నది!" అని అరిచాడు.

ద్వాలి సంతకం పెట్టలేదు. సిమెంటు బల్ల మీద కూర్చుని, అట్ట ఒళ్లో పెట్టుకుని, మొదటి వరుస కింద వేలు పెట్టింది. ఏడో తరగతి చదువు, అదీ చాలా ఏళ్ల కిందటిది. పెదాలు కదుపుతూ అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పోతోంది. మంగీలాల్ హారన్ కొట్టాడు. భాస్కర్ "అంతా మామూలే మేడం" అన్నాడు. ఆంథోని లోలోపల ఆనందపడుతున్నాడు. నాలుగో రోజు మాట పట్టుకుంది, మడతలు విప్పడం నేర్చింది, ఇక ఆ తెల్లచొక్కావాడి పని అయిపోయింది అనుకున్నాడు.

వేలు చివరి వరుస దాకా వచ్చి ఆగింది. ద్వాలి తలెత్తి చూసింది. మొగుణ్ని కాదు, ఆంథోనిని.

"సారూ, మీ చెయ్యొకసారి చూపియ్యున్రి."

గురువుకు దండం పెట్టుకుంటుంది కాబోలనుకుని ఆంథోని కుడిచెయ్యి చాపాడు. ఆమె దాన్ని వెలుతురు వైపు తిప్పింది. చూపుడు వేలి చివర నూనెతో కలిసి నీలం సిరా మరక ఉంది.

"గీ సంతకం గీ చెయ్యే పెట్టిందా?"

"అవ్ బిడ్డా."

"చదివి పెట్టిందా?"

ఆంథోని కాగితం లాక్కుని చూశాడు. అందులో రివాల్వరు మాటే లేదు. ఉన్నది మంగీలాల్ పిస్తోలు నంబరు. శ్రీమతి ద్వాలి ఆ పిస్తోలుతో అయిదు రోజులు శిక్షణ పొందారు, వారి తరఫున ఆయుధం వెంట ఉంచుకుని తిరిగేందుకు వారి భర్త మంగీలాల్ తగిన మనిషి అని టైపు చేసి ఉంది. దాని కింద గుండ్రటి అక్షరాల్లో ఆంథోని అని తడి ఆరని సంతకం ఉంది. ఎవరూ బెదిరించలేదు. ఏ ఆఫీసరూ ఒత్తిడి చెయ్యలేదు. ఒక క్లర్కు వేలు చూపించాడు, తను పెట్టేశాడు.

భాస్కర్‌ను తిడదామని నోరు తెరిచాడు. తిట్టు రాలేదు. ముప్పై ఏళ్లుగా ఊళ్లో వాళ్లందరికీ పంచిపెట్టిన చీదరింపంతా తిరిగొచ్చి తన మొహానే పడినట్టయింది. ఇంకాసేపట్లో ఈ మనిషి ఉత్త చేతులతో జీపెక్కి తండా దారి పట్టేది. దారిలో ఎవరైనా ఆపితే, ఆమె ఒంట్లో దిగే తూటాకూ తనే జవాబు చెప్పాల్సి వచ్చేది. జంపయ్య మొహం గుర్తొచ్చింది. ఆయనకు మొహాలు గుర్తుండవు, కానీ అదొక్కటి ఎప్పుడూ మరిచిపోలేదు. మరిచిపోకపోయినా బుద్ధి రాలేదు. ఆయనకు సిగ్గేసింది, ఎక్కడికైనా పోయి తల దాచుకోవాలనిపించేంత సిగ్గేసింది.

కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. తెల్లకాగితం తెచ్చుకుని, రివాల్వరు నంబరు చూసి చూసి తన చేత్తో రాశాడు. దానిని ద్వాలి తప్ప మరెవరూ వెంట ఉంచుకోరాదని రాశాడు. పిస్తోలు క్యాంపులో అప్పగించాలని కింద ఇంకో వరుస చేర్చాడు. మంగీలాల్ దిగి వచ్చి ఏదో గట్టిగా అరవబోయాడు. భార్య అతని నడుముకున్న పిస్తోలు కోసం చెయ్యి చాపి నిలబడింది. చాలాసేపు చాచే ఉంచింది. చివరికి అతను ఒర విప్పి పిస్తోలు ఆ చేతిలో పెట్టాడు.

ఆంథోని రాసింది తీసి, "నేను సదివి వినిపిస్త" అన్నాడు.

"మీరు సదవొద్దు సారూ. నేనే సదువుకుంట."

ఆమె మళ్లీ బల్ల మీద కూర్చుని మొదటి వరుస కింద వేలు పెట్టింది. మంగీలాల్ జీపులోకి పోయి రెండుసార్లు హారన్ కొట్టాడు. ఆమె తలెత్తలేదు. ఒక చోట ఆగి, "గీ మాటేంది?" అని అడిగింది. ఆంథోని వంగి చూశాడు.

"అప్పగించాలె అని రాసిన మేడం. మీకు తెలుస్తలేదా? మంచిగ రాసిస్త, ఇయ్యున్రి" అన్నాడు.

రేంజ్ గేటు లోపల ఆయన ఒక మనిషిని 'మీరు' అనడం అదే మొదటిసారి. ఆమె చదవడం పూర్తయ్యేదాకా కలం పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.